ఇరుసు మీద పసుపు

శాలిబండలో వకీలు వామన్‌రావు ఇంటి ముందు, చినుకుల్లోనే, మెకానిక్ కైలాసం పాత మోటారు కారు అద్దం మీదికి వంగి ఉన్నాడు. వకీలుగారి భార్య లక్ష్మీకాంతమ్మ అతని తల మీద గొడుగు పట్టుకుని నిలబడింది.

“కైలాసం, రెండు గంటలకు కోడలు యాకుత్‌పురా స్టేషన్ల దిగుతది. మనుమరాలు మొదటిసారి మా ఇంటికొస్తున్నది. గీ వానల అద్దం తుడవకుంటే బండెట్ల నడుస్తది?”

“ఫికర్ చెయ్యకున్రి అమ్మా. గీ వైపర్లు ఎన్నేండ్ల సంది కదుల్తలేవు?”

“నాలుగేండ్లాయె. తుప్పు పట్టిందంటరు మా ఆయన.”

కైలాసం గ్యాసునూనెలో గుడ్డ ముంచి వైపర్ ఇరుసు చుట్టూ గట్టిగా రుద్దాడు. గుడ్డకు అంటినది చూసి అతనికి నవ్వాగలేదు.

“తుప్పు గాదమ్మా, పసుపు. పొరలు పొరలుగ గడ్డకట్టింది.”

ఆమె వంగి గుడ్డకేసి చూసింది.

“దసరకు దసరకు నేనే పెడ్తున్న. బండిల ఏది కదుల్తదో దానికి పసుపుకుంకుమ పెట్టాలని మా అత్తమ్మ చెప్పింది.”

“మస్తు భక్తితోని పెట్టిన్రు. చక్రాలు బతికిపోయినయ్.”

“మా ఆయనకు చెప్పకు.”

“చెప్పను. స్విచ్ తిప్పున్రి.”

వైపర్లు ఒకసారి మూలిగాయి. తర్వాత రెండూ కలిసి అద్దాన్ని శుభ్రంగా తుడిచాయి. లక్ష్మీకాంతమ్మ గొడుగు అక్కడే వదిలేసి ఇంట్లోకి పరుగెత్తి, కుంకుమ భరిణెతో తిరిగొచ్చింది. ఆమె వేలు నేరుగా ఇరుసు మీదికే పోయింది.

“అమ్మా, ఆగున్రి.”

“కదిలింది గద, పెట్టద్దా?”

“కదిలిచ్చింది నేను.” కైలాసం వాననీళ్లు కారుతున్న నుదురు ముందుకు వంచాడు. “నాకు పెట్టున్రి.”