డాక్టరుగారి డబ్బా

అధ్యక్షులు ఏకాంబరంగారికి, పెరంబూరు పెద్దలకు, మిత్రులకు నమస్కారం. ఈరోజు ఉద్యోగ విరమణ చేస్తున్న డాక్టర్ బాలసుందరంగారిని పొగడమని నన్ను పిలిచారు. ఆయన పక్కన సూక్ష్మదర్శినిలో కన్నుపెట్టి పురుగుల గుడ్లు వెతికినవాణ్ణి కనుక, పొగడ్త కొంచెం వాసన వేస్తే మన్నించాలి. (నవ్వులు)

రెడ్ హిల్స్ అవతల మన తెలుగువాళ్ల ఊరొకదానికి, కడుపులో పురుగులున్నాయేమో పరీక్షించడానికి వెళ్లాం. ఇంటింటికీ మూతడబ్బాలిచ్చి, మలం తెచ్చివ్వమన్నాం. మరునాడు డబ్బాలన్నీ వచ్చాయి, శుభ్రంగా తోమి. ఆ ఊళ్లో చెల్లమ్మ అనే ముసలావిడ మనవరాలు కోకిల పాలిపోయి, మట్టి తింటూ, అడుగు వేస్తే ఆయాసపడేది. గాలి సోకిందని, అమావాస్యకు వేపమండలతో కొట్టించబోతున్నారు. డాక్టరుగారు బతిమాలితే చెల్లమ్మ అంది:

"నీది ముందు ఈడ పెట్టు సామీ. ఆమీద మా బిడ్డది అడుగు."

ఆయన డబ్బా తీసుకుని తుప్పల వైపు నడిచారు. (నవ్వులు) అలమేలమ్మగారూ, మీవారు ఈ కథ మీకు చెప్పి ఉండరు.

ఊరంతా చుట్టూ మూగి ఉండగా ఆయనది సూక్ష్మదర్శినిలో చూశాను. ఏలికపాము గుడ్లు, కడగని పచ్చికూరలతో కడుపులో చేరేవి. ఆయన ముఖం చూశాను. ఆయన కూడా కన్నుపెట్టి చూసి, "చెప్పవయ్యా, అందరికీ వినబడేట్టు," అన్నారు. చెప్పాను.

చెల్లమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో పాపం, ఈయనకే ఉండాయంట. ఎవురన్నా మందియ్యండప్పా."

ఊరు ఊరంతా నవ్వింది. ఆయనా నవ్వారు. సాయంత్రానికి డబ్బాలు నిండి వచ్చాయి, అందులో కోకిలదీ ఉంది. ఆ పిల్ల రక్తం తాగుతున్నవి కొంకిపురుగులు, వట్టికాళ్లతో నడిస్తే పాదాల్లోంచి దూరేవి. వేపమండల మాట ఆగిపోయింది. (అలమేలమ్మగారూ, ఆ నెల మీ ఇంట పచ్చి కూరముక్క ముట్టనని ఆయన ఎందుకు మొండికేశారో ఇప్పుడు తెలిసిందిగా.)

మందులిచ్చి, చెప్పులు తొడిగించి, కొన్ని నెలలకు మళ్లీ వెళ్లాం. బస్సు దిగేసరికి కోకిల పొలం గట్టు మీద పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్ల పరుగెత్తగా మేము చూడటం అదే మొదలు. డాక్టరుగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ చాలాసేపు అటు తిరిగి నిలబడ్డారు.

ఆ తర్వాత ఏ ఊరెళ్లినా, ఎవరూ అడగకముందే, మొదటి డబ్బా ఆయనదే. అయ్యా, రేపటినుంచి నేను ఒక్కణ్ణే వెళ్లాలి. ఆ మొదటి డబ్బా ఇక నాదే కాబోలు. నాకు సిగ్గు ఎక్కువ, అయినా ఇస్తాను.

ఇంతసేపు ముక్కు మూసుకోకుండా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. సెలవు.