అద్దాల బండికి వెనక ఎత్తు

నా పేరు, చిరునామా పై కాగితంలో రాయించాను. వయసు అరవై నాలుగు. కిటికీలకు, అల్మారాలకు అద్దాలు కోసి బిగించే పని ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను. అందరూ నన్ను అద్దాలాయన అంటారు. ఇప్పుడు పని మానేశాను. నన్ను ఎవరూ బెదిరించలేదు. స్టేషను అధికారిణి గారు టీ ఇప్పించారు. అడిగినదానికి అడిగినట్టు చెబుతున్నాను.

గురువారం ఉదయం పది గంటల పది నిమిషాలకు పరుపుల కొట్టు ముందు ఆగి ఉన్న తెల్ల పికప్ బండిని తీసుకెళ్ళింది నేనే. ఓనరును అడగలేదు. ఆ బండి పోయిన ఏడాది వరకు నాది. అతనికి అమ్మినప్పుడు ఒక తాళంచెవి ఇచ్చాను. రెండోది నా భార్య కుట్టుమిషను సొరుగులో ఉండిపోయింది. దాచాలని దాచలేదు. కనబడ్డాక తిరిగి ఇవ్వనూ లేదు.

ఎందుకు తీసుకెళ్ళావని అడిగారు. పదిహేడేళ్ళ వెనక నుంచి చెప్పాలి అన్నాను. చెప్పమన్నారు.

అప్పట్లో ఆ బండి వెనక అద్దాలు నిలబెట్టే చెక్క స్టాండు బిగించాం. అద్దం బరువు చూసేవాళ్ళకు తెలియదు. స్టాండు నింపితే బండి వెనక భాగం కుక్క కూర్చున్నట్టు కూర్చునేది. కొత్తగా కట్టే ఇళ్ళ దగ్గర ఏటవాలు ఎక్కితే వెనక బంపరు నేలకు గీసుకునేది. నా భార్య వెనక ఎడమ పక్కన, మడిచిన దుప్పటి మీద కూర్చుని, అద్దానికి అరచెయ్యి ఆనించి వచ్చేది. తేడా వస్తే క్యాబిన్ రేకు మీద రెండుసార్లు కొట్టేది. ఆగమని.

బండి వెనక భాగం రెండు అంగుళాలు ఎత్తించాలని కమాన్ల మేస్త్రి దగ్గరికి వెళ్ళాం. కమాన్లంటే బండి బరువు మోసే, వంపు తిరిగిన ఉక్కు పట్టీల కట్టలు. ఆయన నేల మీద పడుకుని బండి కిందికి చూసి లేచాడు.

“మూడు దారులున్నాయి. ఇరుసుకీ కమాన్ కట్టకీ మధ్య ఇనప దిమ్మ పెట్టొచ్చు. గంట పని. కానీ బరువుతో బలంగా లాగినప్పుడు ఇరుసు మెలి తిరుగుతుంది. రెండోది, కట్ట చివర వేలాడే ఇనప లంకె, షాకిల్ అంటాం, అది తీసేసి పొడుగుది వెయ్యడం. మలుపుల్లో కాస్త ఊగుతుంది. మూడోది, కట్టలో ఇంకో పట్టీ చేర్చడం. గట్టిగా ఉంటుంది. కానీ బండి మేకపిల్లలా ఎగురుతుంది. అద్దాల సంగతి నేను చెప్పలేను.”

నేను దిమ్మే పెట్టమన్నాను. తొందరగా అయిపోతుందని.

నా భార్య ఒప్పుకోలేదు. “తోలేవాడికేం తెలుస్తుందయ్యా? వెనక కూర్చునేదాన్ని నేను. మూడూ ఎక్కి చూస్తాను.”

మేస్త్రి నా వైపు చూశాడు. నేను ఆమె వైపు చూశాను. మేస్త్రి రెంచీ అందుకున్నాడు.

అది శనివారం. ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టాం. ఒక్కొక్కటి బిగించడం, మూడడుగుల అద్దం పెట్టడం, ఆమె ఎక్కడం, నేను ఆ వీధంతా ఒక చుట్టు తిప్పడం. దిమ్మ పెట్టినప్పుడు దిగి, “బయల్దేరేటప్పుడు కింద ఎవరో లేచి కూర్చున్నట్టుంది” అంది. పొడుగు షాకిల్ వేశాక, “ఉయ్యాల. నాకు సరదాగానే ఉంది, అద్దానికి లేదు” అంది. పట్టీ చేర్చాక దిగి దవడ తడుముకుంది. తర్వాత, “నా పళ్ళన్నీ ఉన్నాయో లేదో చూడు” అంది. మేస్త్రి కూతురు నవ్వి నవ్వి స్టూలు మీద కూలబడింది. అప్పటికి ఆ అమ్మాయి తండ్రి దగ్గర పని నేర్చుకుంటోంది.

నా భార్య ఆ పట్టీని చేత్తో తడిమింది. “మేస్త్రిగారూ, ఇది ఇంత పొట్టిగా, లావుగా ఎందుకుంది? పొడుగ్గా, పల్చగా ఉంటే?”

మేస్త్రి తల గోక్కున్నాడు. “ఉంటే మెత్తగా ఉంటుంది. కానీ పాత పట్టీలన్నీ విప్పి మళ్ళీ వంపు కొట్టాలి. ఎవరూ అంత ఓపిక పట్టరమ్మా.”

“మేం కూర్చుంటాం” అంది.

కూర్చున్నాం. ఆయన పట్టీలు విప్పి, ఒక్కొక్కటీ దాగలి మీద పెట్టి సుత్తితో వంపు కొట్టాడు. పొడుగాటి పల్చటి పట్టీ ఒకటి కట్టలో చేర్చాడు. సాయంత్రం అయిదున్నరకు మళ్ళీ వీధి చుట్టొచ్చాం. రేకు మీద ఒక్క దెబ్బా పడలేదు. ఏమైందోనని బండి ఆపి వెనక్కి వెళ్ళి చూశాను. నిద్రపోయింది. అరచెయ్యి మాత్రం అద్దం మీదే ఉంది. అద్దం పగల్లేదు.

ఆ తర్వాత పదిహేనేళ్ళలో ఆ బండిలో ఒక్క అద్దమూ పగల్లేదు. ఇది కేసుకు అవసరమా అని రాసే కానిస్టేబులు అడిగాడు. అవసరమే. రాయమన్నాను.

ఆమె పోయి రెండేళ్ళ నాలుగు నెలలు. నేను ఒక్కణ్ణే అద్దాలు మోయలేను. బండి అమ్మేశాను.

పోయిన సోమవారం సాయంత్రం నాలుగున్నరకు మందుల షాపు ముందు ఆ బండిని చూశాను. తేలు తోక ఎత్తినట్టు వెనక భాగం గాల్లో ఉంది. వంగి కిందికి చూశాను. దిమ్మ మీద దిమ్మ పెట్టి బిగించారు. పైన పరుపుల గుట్ట. ఆ గుట్ట మీద, ఎడమ పక్కన, ఒక కూలీ కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. బండి బయల్దేరితే దిమ్మలు రెండూ కొంచెం కదిలాయి. నా కళ్ళతో చూశాను.

మంగళవారం ఉదయం కొట్టుకు వెళ్ళి ఓనరుతో చెప్పాను. “బాబూ, దిమ్మ మీద దిమ్మ పెట్టకూడదు. ఒకటి జారిందంటే ఇరుసు పక్కకి పోతుంది. పైన మనిషి ఉంటున్నాడు.”

“చూడ్డానికి బాగుంటుందని ఎత్తించాను పెద్దాయనా. అయినా పరుపుల బండి కదా, పడితే పరుపు మీదే పడతాడు” అని నవ్వాడు.

బుధవారం మళ్ళీ వెళ్ళాను. “పిల్లనిచ్చాక కాపురం కూడా నువ్వే చేస్తానంటే ఎలా? అమ్మేశావు, మర్చిపో” అన్నాడు. అందులో తప్పేమీ లేదు. కొన్నవాడు అనాల్సిన మాటే.

గురువారం తీసుకెళ్ళాను. పదకొండున్నరకు కమాన్ల షాపుకు చేరాను. మేస్త్రి ఇప్పుడు లేడు. కూతురే నడుపుతోంది. కొన్నవాళ్ళే పంపారని ఆమెకు అబద్ధం చెప్పాను. ఆమెకు ఏ పాపమూ తెలియదు. ఇది తప్పకుండా రాయండి.

ఆమె దిమ్మలు విప్పింది. కింది దిమ్మలో వెంట్రుకంత చీలిక ఉంది. “బాబాయ్, ఇది ఈ నెల దాటేది కాదు” అంది. తర్వాత పాత పట్టీలు విప్పి, గుడ్డతో తుడిచి, వెలుగులోకి పట్టుకుంది. పట్టీ పొడుగునా చిన్న చిన్న గుంటలు. “మా నాన్న సుత్తి దెబ్బలు” అంది. ఆ వంపు మళ్ళీ కొట్టి, ఇంకో పల్చటి పట్టీ చేర్చి బిగించింది. నాలుగు గంటల ఇరవై నిమిషాలకు బండి తిరిగి తెచ్చి, తీసినచోటే పెట్టాను. అక్కడ పోలీసులు ఉన్నారు.

స్టేషనులో చీలిన దిమ్మను బల్ల మీద పెట్టాను. పరుపుల కొట్టు ఓనరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం మాడిపోయింది. “ప్రాణాపాయం చూసి తీసుకెళ్ళానని ఒక్క ముక్క రాసివ్వమనండి, కేసు వద్దు” అని అధికారి గారితో అన్నాడు.

నేను రాయనన్నాను.

పరుపుల కొట్టు నుంచి కమాన్ల షాపుకు పావుగంట దారి. నాకు గంటా ఇరవై నిమిషాలు పట్టింది. మేము అద్దాలు బిగించిన ఇళ్ళ ముందు నుంచి, ఒక్కొక్క ఇల్లూ చూసుకుంటూ, నెమ్మదిగా తోలాను. ఖాళీ బండి. ఆ దిమ్మల మీదే. అపాయమని అంతగా భయపడినవాడు అలా తిరగడు. దిమ్మలు లేకపోయినా ఏదో ఒక రోజు ఆ బండిని తీసుకెళ్ళేవాణ్ణేమో. లేదని చెప్పలేను.

“ఇది రాయిస్తే మీకే నష్టం పెద్దాయనా” అన్నారు అధికారి గారు.

“తెలుసమ్మా. రాయించండి” అన్నాను.

ఓనరు చీలిన దిమ్మను మళ్ళీ చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత కాగితం అడిగి తీసుకుని, బండి తనకు తెలిసే వెళ్ళిందని, తానే పంపానని రాసి సంతకం పెట్టాడు. అది నిజం కాదని నేను చెప్పాను.

“ఆయన మాట ఆయన రాసుకున్నాడు. మీ మాట మీరు చెప్పండి” అన్నారు అధికారి గారు.

నా మాట ఇదే. అడగకుండా తీసుకెళ్ళాను. రాసిందంతా నాకు చదివి వినిపించారు. అడగకుండా తీసుకెళ్ళాననే చోట ఇంకోసారి చదవమన్నాను. సరిగ్గానే ఉంది. ఇందులో ఒక్క మాట కూడా ఇంకొకరు చెప్పించింది కాదు. ఒప్పుకుని కింద చేవ్రాలు చేస్తున్నాను.

(సంతకం)