బోల్టు తిప్పితే పడవ తిరిగింది

గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, అందుకే ఆవేళ రేవు పక్క టీ కొట్టులో ఉన్నదున్నట్టే మొదలుపెట్టాను. వింటున్నది మా మావయ్య, మా అన్నయ్య, టీ కొట్టాయన. ఆదివారం మావయ్య తెరచాప పడవలో అందరం బయల్దేరుతున్నాం. చుక్కాని నాకివ్వాలా, అన్నయ్యకివ్వాలా అన్నది ఆయన ఇంకా తేల్చలేదు. పడవలోని పాత డీజిల్ టాంకు మార్చే పని మాత్రం నాకప్పజెప్పాడు. అది సరిగ్గా చేస్తే చుక్కాని నాదే.

"తుప్పంటే మామూలు తుప్పు కాదు మావయ్యా, ముప్పై ఏళ్ల తుప్పు! వేలితో ఇలా తట్టానంతే, పొరలు పొరలుగా రాలి నా మోకాళ్ల దాకా వచ్చింది. తుమ్మాను. ఆ తుమ్ముకి రేవులో తెల్లపక్షులన్నీ గోధుమరంగుకి తిరిగాయి."

"పొద్దున తెల్లగానే ఉన్నాయే," అన్నాడు అన్నయ్య.

"కడుక్కున్నాయి. సముద్రం పక్కనేగా ఉంది! మధ్యలో అడ్డురాకు. సరే, మిగిలిన డీజిలంతా చేతిపంపుతో తోడేశాను. అడుగున మడ్డి ఎంత ఘాటంటే, ఆ వాసనకి ఇంజను తాళం పెట్టకుండానే రెండుసార్లు దగ్గింది. అప్పుడు బోల్టులకి పానా వేశాను. మూడు ఊడొచ్చాయి. నాలుగోది మొండిది, మన వంశంలోదేమో అనిపించింది. కాళ్లు రెండూ తన్నిపెట్టి, ఊపిరి బిగబట్టి తిప్పాను. ఏమైందో చెప్పుకోండి చూద్దాం?"

"పానా విరిగింది," అన్నాడు మావయ్య.

"పానా విరగలేదు, బోల్టు తిరగలేదు, పడవ తిరిగింది! నేనేమో లోపల టాంకు పక్కన నక్కి ఉన్నానా, పైన ఏం జరుగుతోందో తెలియదు, తిప్పుతూనే ఉన్నా. పడవ గిర్రున తిరుగుతుంటే నీళ్లు సుడి తిరిగి, పక్క పడవలన్నీ బొంగరాల్లా తిరిగి, పొద్దున్నే వేటకెళ్లినవాళ్లు వెళ్లిన దారినే వెనక్కొచ్చేసి, ఉత్త చేతులతో ఇంటికెళ్లి పెళ్లాలతో తిట్లు తిన్నారు."

టీ కొట్టాయన టీ వడపోయడం మానేసి వింటున్నాడు. ఇక ఆగుతానా?

"బోల్టు ఊడింది. టాంకు పైకెత్తితే తలుపులోంచి రాదు! ముందు టాంకు పెట్టి, దాని చుట్టూ పడవ కట్టాడు ఎవడో మహానుభావుడు. హాక్సా బ్లేడు తీసుకుని మూడు ముక్కలుగా కోసి, ఒక్కొక్కటీ బయటికి విసిరాను. మూడో ముక్క అలా వెళ్లిందో లేదో, బరువు తగ్గి పడవ నీళ్లలోంచి లేచింది. లేచీ లేచీ దీపస్తంభం ఎత్తుకి లేచింది. తెరచాపకి గాలి తగిలి ఊరి మీదుగా పోతుంటే, మేడ మీద బట్టలారేస్తున్న అత్తయ్య నాకు చెయ్యూపింది కూడా."

"మీ అత్తయ్య నాతో అనలేదే?"

"నువ్వు నమ్మవని, మావయ్యా."

"మరి ఎలా దించావమ్మా?" అన్నాడు టీ కొట్టాయన, పాపం నిజమేననుకుని.

"లంగరు తాడు పట్టుకుని సర్రున కిందికి జారి, చిటికెన వేలికి చుట్టుకుని లాగాను. డెక్కు మీద పెట్టిన టీ గ్లాసు తొణికితే ఒట్టు!"

మావయ్య నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. చుక్కాని చేతికొచ్చేసినట్టే అనిపించింది నాకు.

అంతలో వీధి చివర వెల్డింగు చేసే పెద్దమ్మ తోపుడు బండి మీద కొత్త టాంకు తోసుకొచ్చింది. తళతళలాడుతోంది. "నువ్విచ్చిన కొలతలే తల్లీ. పాతదానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఎక్కడ దింపమంటావు?"

అన్నయ్య గ్లాసు పక్కనపెట్టి బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"పాతది మూడు ముక్కలైతేగానీ బయటికి రాలేదన్నావుగా?"

"అవును."

"మరి ఇది లోపలికెలా వెళ్తుందే?"

నేనూ లేచి బండి చుట్టూ ఇంకోసారి తిరిగొచ్చాను.

"అదెంత పని?" అన్నాడు మావయ్య. "పడవని గాల్లోకి లేపడం దానికి వచ్చుగా. లేపి దీనిమీద బోర్లించేస్తుంది."

టీ కొట్టాయన గిన్నె కింద పెట్టి మరీ నవ్వాడు.

"మరి చుక్కాని?" అన్నాను, సన్నగా.

"ఆదివారానికి టాంకు లోపలుంటే నీది. లేకపోతే మీ అన్నది."

పెద్దమ్మ జేబులోంచి సుద్దముక్క తీసి టాంకు మీద అడ్డంగా రెండు గీతలు గీసింది. "దీన్నే కోసి మూడు చిన్నవి చేద్దాం. శనివారానికి అయిపోతుంది. నువ్వు ఒక పక్క కదలకుండా పట్టుకుని, అప్పటిదాకా నోరు మూసుకుంటే."

శనివారం దాకానా! దానికన్నా పడవని గాల్లోంచి దించడమే నయం.