గుండె మీద ‘ఇదిగో’

పచ్చబొట్లు వేసే దుకాణం. అద్దం ముందు కుర్చీలో డ్రిల్లు మాస్టారు, పక్కన స్టూలు మీద ఆయన బావమరిది, ఎదురుగా సూది పట్టుకునే అమ్మాయి. బడిలో పిల్లలందరినీ ఎండలో వరసగా నిలబెట్టే ఆ పెద్దమనిషి, ఇక్కడ చొక్కా విప్పడానికే సిగ్గుతో సగం చచ్చాడు. బొమ్మల ఆల్బమ్ అప్పటికే సగం తిరగేశారు.

“సింహం వద్దు బావా, నా మాట విను.”

“ఏం? మగాడి ఛాతీ అన్నాక సింహమే ఉండాలి. అదే ఎక్కువమంది వేయించుకుంటారని ఈ అమ్మాయి కూడా అంటోందిగా.”

“వేయించుకుంటారన్నాను మాస్టారూ. మీకు బావుంటుందనలేదు.”

“విన్నావా? పైగా నీకు పొట్ట ఇంకాస్త పెరిగిందనుకో, సింహం ఆవలిస్తున్నట్టుంటుంది.”

“డ్రిల్లు మాస్టర్ని పట్టుకుని పొట్ట అంటావేంట్రా?”

“ఈల నోట్లో పెట్టుకుని చెట్టు నీడలో నిలబడేవాడికి పొట్ట రాక ఇంకేమొస్తుంది?”

“అమ్మాయ్, వాణ్ణి పట్టించుకోకు. పెళ్లాం తమ్ముడు. పేజీ తిప్పు.”

“ఇది గద్దండీ. రెండు రెక్కలూ ఈ భుజం నుంచి ఆ భుజం దాకా వస్తాయి.”

“అబ్బో, ఇది బావుంది!”

“నువ్వు ‘చేతులు పైకి, చేతులు కిందకి’ అన్నప్పుడల్లా ఎగురుతుంది బావా. పిల్లలు డ్రిల్లు మానేసి దాన్నే చూస్తారు.”

“పోనీ దిక్సూచి వెయ్యనా మాస్టారూ? చుట్టూ తాడు, మధ్యలో ముల్లు.”

“అది వెయ్యమ్మా, అది వెయ్యి. తువ్వాలు ఏ దిక్కునుందో తెలీని మనిషి.”

“ఒరేయ్!”

“తువ్వాలేంటండీ?”

“ఏం లేదమ్మాయ్. గులాబీలున్నాయా?”

“ఏం లేదంటావేంటి? నిన్న స్నానాల గదిలోంచి నాకు ఫోన్ చేశాడమ్మా ఈయన. నేను ఊరి ఆ చివర నిచ్చెనెక్కి ఫ్యాను బిగిస్తున్నాను. ‘మీ అక్కకి ఫోన్ చేసి, నాకు తువ్వాలు అందించమని చెప్పు’ అంటాడు. మా అక్క ఎక్కడుందనుకున్నావ్? ఆ తలుపవతలే!”

“ఇద్దరికీ మాటల్లేవా మాస్టారూ?”

“నాకున్నాయి. ఆవిడకే లేవు.”

“ఏం గొడవపడ్డారు?”

“గొడవే అయితే ఎంత బావుండు. ఏం లేదమ్మాయ్, ఊరికే.”

“ఊరికేనా? నేను చెప్తా వినమ్మా. పెళ్లైనప్పట్నుంచీ ఈయన మా అక్కని పిలిచేది ఒకే ఒక్క మాటతో. ‘ఇదిగో’. ఇదిగో, నా చెప్పులెక్కడ? ఇదిగో, అన్నం పెట్టు. ఇదిగో, వెళ్లొస్తా.”

“అందరూ అలాగే పిలుస్తార్రా!”

“మొన్నామధ్య మా అక్కకి ఒళ్లు మండింది. ‘నాకూ ఓ పేరుంది. అది మీ నోట వినేదాకా పలకను’ అంది. అంతే. ఇక ఉలకదు, పలకదు. మధ్యలో రాయబారిని నేను. నా పనులన్నీ మూలపడ్డాయి. ఇప్పుడేమో గుండె మీద పచ్చబొట్టు చూపిస్తే మెత్తబడుతుందని నన్నిక్కడికి లాక్కొచ్చాడు.”

“పేరు పెట్టి పిలిస్తే పోయేదానికి ఇక్కడిదాకా ఎందుకొచ్చారు మాస్టారూ?”

“అంత తేలికనుకున్నావా? ఆవిడ పేరు, మా అమ్మ పేరు ఒకటే. పెళ్లైన కొత్తలో ఒకసారి గదిలోంచి కాస్త ముద్దుగా పిలిచాను.”

“పిలిస్తే?”

“మా అమ్మొచ్చింది.”

“అయ్య బాబోయ్!”

“‘ఏంరా నాన్నా, గొంతు అలా ఉందేం, ఒంట్లో బాలేదా?’ అంటూ నుదుటి మీద చెయ్యేసి చూసింది. ఆవిడేమో వంటింట్లో నోటికి కొంగడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. ఆ రోజుతో ఆ పేరుకి దండం పెట్టేశా.”

“సరే, ఆ పేరే ఛాతీ మీద...”

“వద్దమ్మా! చూసినవాళ్లందరూ ఎంత మాతృభక్తి అంటారు. మా అక్క ఇంకా మండిపడుతుంది.”

“ఆగండ్రా, ఆగండి. నాకో ఉపాయం తట్టింది. అమ్మాయ్, నేను ఆవిణ్ణి రోజూ ఏమని పిలుస్తాను?”

“ఇదిగో అని.”

“అదే రాయి. అది నా మాట, ఆవిడ కోసమే పుట్టిన మాట. గుండె మీదే ఉంటే ఇక ఏమంటుంది?”

“బావా, నీకు పిచ్చా?”

“నువ్వు నోర్ముయ్. రాయమ్మాయ్.”

“మీ ఇష్టం. వెంట్రుకలు గీసేశానుగా, ఇప్పుడీ కాగితం అద్దుతాను. చల్లగా ఉంటుంది, కదలకండి. ఇది అచ్చు మాత్రమే, తుడిస్తే పోతుంది. నచ్చాకే సూది... ఆ, చూసుకోండి.”

“ఇదేంటి, తిరగబడి ఉంది?”

“మీరు చూసేది అద్దంలో మాస్టారూ.”

“ఓ, అవును కదా. నవ్వుతావేంట్రా?”

“నవ్వక? గుండె మీద ‘ఇదిగో’ అని రాసుంటే, గుండె ఎక్కడుందో వేలెట్టి చూపించినట్టుంది బావా. రేప్పొద్దున ఏ డాక్టరు దగ్గరికెళ్లినా వెతుక్కునే పనుండదు.”

“అమ్మాయ్, నువ్వు కూడా నవ్వుతున్నావా?”

“లేదు మాస్టారూ. దగ్గొచ్చింది.”

“తుడిచెయ్. తుడిచెయ్ ముందు.”

“చాల్లే బావా, అసలు సంగతికి రా. మా ఇంట్లో అక్కని పుట్టినప్పట్నుంచీ గువ్వ అనే పిలుస్తారమ్మా. మా అమ్మ, నాన్న, చుట్టుపక్కలవాళ్లు, అందరూ. ఈయన్ని కూడా అలా పిలవమనే మా అక్క అడిగేది. ఒక్కసారి కూడా పిలవలేదు.”

“గువ్వ. ఎంత బావుంది! చిన్నగా, గుండ్రంగా, ఎడంపక్కన రాస్తాను. బొమ్మలేం అక్కర్లేదు... ఆ, అద్దాను. ఇప్పుడు పైకి చదవండి మాస్టారూ.”

“బానే ఉంది. కానివ్వు.”

“బానే ఉందనడం కాదు. పైకి చదవాలి. మీరు చదివాకే సూది పడుతుంది. ఇక్కడ పద్ధతి అదే.”

“ఇదేం పద్ధతమ్మాయ్?”

“ఒకాయన ‘ధైర్యం’ అని వేయించుకుందామనుకుని ఒత్తు మర్చిపోయి ‘ధైరం’ అని రాసిచ్చాడు. నేనూ చూసుకోకుండా అలాగే వేసేశా. ఇప్పుడాయన ధైర్యంగా చొక్కా విప్పలేడు. అప్పట్నుంచి ఎవరైనా సరే, పైకి చదవాల్సిందే.”

“చదువు బావా.”

“చదువుతాను, చదవనని ఎవరన్నారు? గు...”

“ఆ. గు?”

“గు... గుక్కెడు నీళ్లివ్వు అమ్మాయ్.”

“అంత పెద్ద పేరు ఇక్కడ పట్టదు మాస్టారూ.”

“నువ్వూ వాడితో కలిసిపోయావా?”

“మైదానం ఆ చివర గోడ దూకే కుర్రాణ్ణి ఇంటిపేరుతో సహా పిలుస్తావు కదా బావా. ఆ గొంతు ఇప్పుడేమైంది?”

“వాళ్లు పిల్లల్రా. పిలిస్తే పరిగెత్తుకొస్తారు. ఇది వేరు.”

“ఏం వేరు?”

“ఇన్నేళ్లు పిలవనివాణ్ణి ఇప్పుడు పిలిస్తే, ఆవిడ నవ్వితే? ‘ఇప్పటికి గుర్తొచ్చానా’ అంటే? నేనేం చెప్పను? సూదైతే కాసేపు నొప్పి, అయిపోతుంది. చొక్కా విప్పి చూపిస్తా, ఆవిడ చదువుకుంటుంది. నేను మాట్లాడక్కర్లేదు.”

“మాస్టారూ, సూదికి భయపడి పారిపోయినవాళ్లని చూశాను. మాటకి భయపడి సూది దగ్గరికొచ్చింది మాత్రం మీరే.”

“భయం కాదు. అలవాటు లేదు.”

“మరి ఆవిడ అడిగింది చదవడానికా, వినడానికా?”

“వినడానికే. నాకు తెలీదా? ఇల్లు బోసిపోయింది అమ్మాయ్. ఏదడిగినా గిన్నెల చప్పుడే సమాధానం. అన్నం పెడుతుంది, నీళ్లు పెడుతుంది, లోటేం లేదు. కానీ ఆ ‘ఏవండీ’ అనే మాట లేదు చూడు, అది లేకపోతే నాకు ముద్ద దిగట్లేదు. అయినా ఆవిడ మాత్రం నన్ను పేరు పెట్టి పిలుస్తుందా? ఎందుకడగరు ఆ మాట?”

“నీ పేరు వీధి తలుపు మీద ఇంతింత అక్షరాలతో ఉంది బావా. మా అక్క పేరు మీ ఇంట్లో ఎక్కడుంది?”

“మాస్టారూ, నీళ్లు.”

“వద్దులే. దప్పిక లేదు. ఏమన్నావ్, పైకి చదవాలి, అంతేగా? గువ్వ.”

“వినపడలేదు.”

“గువ్వ!”

“హాజరు పిలిచినట్టుంది. ఇంట్లో పిలిచినట్టు చదవండి.”

“ఇంట్లో ఎప్పుడు పిలిచాను గనక? ...గువ్వా.”

“అబ్బ! అదీ మాట. వణికిందేంటి బావా, నీ గొంతేనా?”

“ముల్లు గుచ్చుకున్నట్టుంది రా ఇక్కడ. అమ్మాయ్, సూది పెట్టావా?”

“ఇంకా తియ్యనే లేదు మాస్టారూ.”

“బావా, ఆ వేడి చల్లారకముందే నీ ఫోన్ ఇలా ఇయ్యి.”

“ఎందుకు?”

“ఎందుకేంటి, అక్కకే. నువ్వు చేస్తే ఎత్తుతుంది కదా?”

“ఎత్తుతుంది, మాట్లాడదు. నేను చెప్పేదంతా విని పెట్టేస్తుంది. ఆగరా, ముందు పచ్చబొట్టు కానీ. ఇంటికెళ్లి నెమ్మదిగా...”

“నెమ్మదిగా అంటూ ఎన్నేళ్లు గడిపావో చాలదా? మోగుతోంది.”

“కట్ చెయ్, కట్ చెయ్!”

“ఎత్తింది. స్పీకర్‌లో పెట్టాను. మాట్లాడు.”

“ఏం మాట్లాడను? ఇది... అబ్బా, నోటికి అదే వచ్చేస్తోంది.”

“మాస్టారూ, అద్దంలోకి చూడకండి, తిరగబడి కనిపిస్తుంది. కళ్లు మూసుకోండి. ఊఁ.”

“గువ్వా... గువ్వా, వింటున్నావా?”

“హలో, ఎవరండీ మీరు? ఈ నంబరు మా ఆయనది కదా! ఫోన్ మీకెలా దొరికింది? అయ్యో, మాట్లాడరేం, ఆయనకేమైంది? మీకు పుణ్యముంటుంది, చెప్పండి బాబూ, మా ఆయన ఎక్కడున్నారు?”