కటింగు కాళ్ళు కాచిన బయ్యప్ప మేస్త్రీ గారు

పాపాగ్ని ఏరు పొంగి చేలల్లో ఇసుక మేట వేసిన ఏడు, అనగా 1931 ఆషాఢమాసంలో, శ్రీ బయ్యప్ప గారు మన చింతామణి రైలు గ్యాంగులో కూలీగా చేరినారు. పిదప దినమూ పట్టాల వెంట నడిచి చీలలు బిగించే కీమ్యాన్ అయి, 1948లో మేస్త్రీ పదవిని అలంకరించి, నేడు విరమణ పొందుతున్నారు. నాకు రాత తక్కువ, మాట ఇంకా తక్కువ. చూసింది మాత్రం చెబుతాను.

కొండను చీల్చి దారి వేసిన మన కటింగు స్వభావం అందరికీ తెలిసిందే. పైన ఎర్రమన్ను, నడుమ కుళ్ళిన రాయి, అడుగున తెల్లసుద్ద. సుద్ద తడిసిందంటే సబ్బు మాదిరి జారి, పైదంతా పట్టాల మీదికి దిగుతుంది. అందుకే వానలకు ముందే నెత్తిన కాలువ తీయించి, నెర్రెలు పూడ్పించి, ఆయన దానిని పసిబిడ్డ వలె సాకినారు.

1956 ఉగాది ముందర, గోడలకు పూసేదానికని ఊరి ఆడవాళ్ళు అడుగున సుద్ద తవ్వుతూ ఉండిరి. పట్టాల పక్క కాలువ శుభ్రమవుతుందిలే అని మేమూ ఊరకుంటిమి. ఒక పొద్దు మేస్త్రీ గారు వచ్చి చూస్తే, గుహ మాదిరి బొక్కలో ఆయన సొంత అక్క చిక్కమ్మ గారే కూర్చొని ఉండారు. పైన నెర్రె విచ్చి ఉండాది.

"అక్కా, బయటికి రా!"

"ఏమిరా బయ్యా, తమ్ముడు మేస్త్రీ అయినా అక్కకు గంపెడు సుద్దకు గతి లేదా? కొండ నీకు మీ అత్త రాసిచ్చిండాదా?"

"కొండకు కాళ్ళు ఈడ ఉండాయి. నువ్వు కాళ్ళు నరుకుతాండావు. రా అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా."

ఆమె గొణుగుతూ బయటికి వచ్చి, "అయితే కొండ నెత్తిన తవ్వేదా?" అని ఎగతాళి చేసినారు.

మేస్త్రీ గారు పైకి చూసి, "తవ్వక్కా. అరుగులకు ఎర్రమన్ను తీసుకో. బరువు దిగితే దానికీ మేలే. సుద్ద నేను సంతలో తెస్తా" అన్నారు.

మన రైలుదారి ఇన్‌స్పెక్టరు శ్రీరామయ్య గారు వచ్చి పరిశీలించి, సరేనని, యాడిదాకా తవ్వవచ్చునో కొయ్యలు పాతించినారు. మేము బొక్కను రాళ్ళతో కట్టినాము. ఆడవాళ్ళు గంపలు గంపలుగా కొండ బరువు దించినారు. ఆ శ్రావణంలో ఎడతెగని వాన పట్టింది. గ్యాంగంతా చూస్తాండగా చిక్కబళ్ళాపుర బండి మెల్లగా కటింగు దాటింది. మన్ను పెళ్ళ కూడా రాలలేదు.

అట్టి శ్రీ బయ్యప్ప గారు కంటిచూపు తగ్గక, మోకాలి బలం సడలక, మనుమల నడుమ నిండు నూరేండ్లు సుఖముగా ఉండాలని గ్యాంగు తరఫున కోరుతున్నాను. బండి దాటిన ఆ దినం మేమంతా కొండకు దండం పెట్టి ఇండ్లకు పోతిమి. ఆయన మాత్రం మర్నాడు పొద్దున్నే పార భుజాన వేసుకొని పోయి, వచ్చే ఉగాదికి అక్క పైకెక్కేదానికని కొయ్యల పక్కన మెట్లు కొట్టినారు.