రాగసుధ అనే స్నేహితురాలు

మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలా మేడం? మొన్న మొత్తం రాసుకున్నారు కదండీ! మిరపకోతలు వదిలేసి, రెండు బస్సులు మారి ఈ పోలీస్ స్టేషన్‌కి రావడం ఇది నాలుగోసారి. చేలో పన్నెండు మంది కూలీలు, వాళ్ళని చూసుకోడానికి ఒక్క మా ఆయన. పండుకాయ చెట్టు మీదే ఎండిపోతోంది... సరేలెండి. మీ మీద కోపం కాదు. ఓపిక లేదు, అంతే.

వాడి ఫోటోనా? నాకొద్దండీ. అటు తిప్పేయండి.

వాడు దొరికాడని మీరు ఫోన్ చేసిన సంగతి చెబితే మా అమ్మాయి శ్రీరమ్య జడ వేసుకుంటున్నదల్లా ఆగి, "ఎంత వయసంటమ్మా?" అని అడిగింది. నలభై ఒకటని ఎట్టా చెప్పను, పదమూడేళ్ళ పిల్లకి? తెలీదన్నాను. అదుగో, బయట బెంచీ మీద కూర్చుంది.

రాగసుధ అని పేరు పెట్టుకున్నాడు. ఫోన్లో ఇళ్ళు కట్టే ఆట ఏదో ఉంటుంది చూడండి, అందులో పరిచయం. "మాది పొన్నూరు, నేనూ ఎనిమిదో తరగతే" అన్నాడంట. అన్నీ రాతలే, గొంతు వినపడేది కాదు. వాళ్ళింట్లో ఫోన్ మాట్లాడనివ్వరంట. నమ్మాం.

దొంగచాటుగా కాదండోయ్! నా పక్కనే కూర్చుని, "అమ్మా, రాగసుధకి కూడా లెక్కలంటే భయమంట" అని చెప్పేది. నేనేమన్నానో తెలుసా? "సెలవుల్లో మనింటికి రమ్మనవే, గోంగూర పచ్చడి కలిపి పెడతా" అన్నా. ఎంత తెలివో చూడండి నాకు!

రెండు నెలలు బాగానే ఉంది. తర్వాత చేతి గాజులు చూపించమన్నాడు. పుట్టినరోజు గౌను చూపించమన్నాడు. ఆ తర్వాత అడిగింది... మీరు చదివారు కదా, నా నోటితో చెప్పించకండి. పిల్ల పంపలేదు మేడం. అది మాత్రం గట్టిగా రాసుకోండి. పంపలేదు.

పంపనన్నాక బెదిరింపులు. మీ ఊరు తెలుసు, మీ బడి తెలుసు, మీ నాన్న పేరు కోటేష్ అని తెలుసు, నీ మొహం ఇంకో ఒంటికి అతికించి ఊరందరికీ పంపిస్తా అని.

అప్పుడొచ్చింది నా దగ్గరికి. ఆదివారం మధ్యాహ్నం. సాళ్ళ మధ్య నిలబడి, "అమ్మా, ఒక మాట" అంది. నెత్తి మీద ఎండ, చేతులు మంటలు. "మళ్ళీ ఛార్జర్ పాడైందా? ఇంటికి పో, వస్తా" అన్నా. పోయింది. సాయంత్రం ఇంటికి చేరగానే సగం చెప్పింది. మిగతా సగం నేను విన్లేదు. లాగి కొట్టాను.

కాళ్ళూ చేతులూ ఇంకా కడుక్కోలేదండీ నేను. మిరపకాయలు కోసిన చేయి. దాని కళ్ళు మండిపోయి గిలగిల్లాడుతుంటే, నేను "ఏం పంపావే, ఏం పంపావే" అంటూనే ఉన్నా.

ఫోన్ లాక్కున్నా. రాతలన్నీ తుడిచేశా, ఆట తీసేశా, ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశా. పరువు దక్కిందనుకున్నా. "ఎందుకు తుడిచావమ్మా, అవే కదా సాక్ష్యం" అని మొన్న మీరు అన్నారు. నాకేం తెలుసండీ? ఎవరైనా చెబితే కదా!

నేను వినలేదని అది ఊరుకోలేదు. మర్నాడు బడిలో సైన్సు టీచరు జ్ఞానప్రసూనాంబ గారి దగ్గరికెళ్ళింది. వాడు రాసినవన్నీ, ఆటలో వాడి పేరుతో సహా, నేను ఫోన్ లాక్కోకముందే రఫ్ నోట్సులో తేదీలు వేసి ఎక్కించుకుందంట. ఆవిడ ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చారు. "పిల్లని తిట్టకు మాధురీ. తప్పు అడిగినవాడిది. మళ్ళీ ఏమైనా పంపితే జవాబివ్వకండి, తుడిచేయకండి. ముందు సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చెయ్యి" అన్నారు. చేయించేదాకా కదల్లేదు.

మా ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆవిడ వెళ్ళాక లేచి, కంచంలో అన్నం కలిపి, కూతురికి ముద్దలు చేసి పెట్టాడు. అది తింది. నేను ఆ పని కూడా చెయ్యలేకపోయాను.

ఏంటండీ? వాడికి మా ఊరి పేరు ఎట్టా తెలిసిందా? పిల్ల చెప్పిందా అనా?

...కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా.

అది చెప్పలేదండీ. "అమ్మా, రాగసుధ నీ ఫేస్‌బుక్ అడుగుతోంది, ఇవ్వనా?" అని నన్ను అడిగే ఇచ్చింది. ఇవ్వవే, దానికేముంది అన్నా. రిక్వెస్టు వస్తే నేనే ఒప్పుకున్నా. బడి వార్షికోత్సవంలో దానికి బహుమతి వచ్చినప్పటి ఫోటో ఉంది అందులో. వెనక బ్యానర్ మీద బడి పేరు, ఊరి పేరు. కింద, "కోటేష్, మాధురిల గారాలపట్టి" అని నేనే రాశా. నూట నలభై లైకులు వచ్చాయి. రాగసుధ కూడా కొట్టింది.

మీ దగ్గరికి మొదటిసారి వచ్చి వెళ్ళిన రోజే నాకు అర్థమైపోయింది. ఆ ఫోటో తీసేశా. ఎవరికీ చెప్పలా.

అది రోజూ అడుగుతోంది మేడం. "అమ్మా, ఊరి పేరు నేనే చెప్పేశానంటావా? ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు" అని. ఇరవై రోజుల్నుంచి. "చెప్పే ఉంటావులే, ఇకనైనా జాగ్రత్తగా ఉండు" అంటున్నా. కొట్టినదాన్ని కదా, దాని ముందు ఇంకా తక్కువైపోతానని.

లోపలికి పిలుస్తారా దాన్ని? ఇప్పుడే, నన్నే చెప్పమంటారా?

ఒక్క నిమిషం ఆగండి... సరే. పిలవండి.