బోర్డు మీద రాయని పేరు

సభాధ్యక్షురాలు, మా ప్రధానోపాధ్యాయురాలు మంజుష గారికి, వేదిక మీద నా పక్కనే కూర్చున్న తల్లిదండ్రుల కమిటీ చైర్‌పర్సన్ శ్రీదుర్గ గారికి, ముప్పై ఒక్కేళ్లు నన్ను భరించిన ఉపాధ్యాయ మిత్రులకి, చెరువుల దగ్గర పనులు ఆపుకుని మరీ వచ్చిన ఊరి పెద్దలకి, మొదటి వరసలో కూర్చుని నేను ఎంతసేపు మాట్లాడతానో అని ఇప్పటికే గడియారం చూసుకుంటున్న మా ఆవిడ సుబ్బాయమ్మకి, పొద్దున్నే ఎండలో నిలబెట్టి డ్రిల్లు చేయించినందుకు నన్ను ఎప్పటికీ క్షమించని పిల్లలకి, మీ డ్రిల్లు మాస్టారు భద్రిరాజు నమస్కారాలు.

ఇందాకటి నుంచి మాట్లాడినవాళ్లంతా నన్ను పొగిడారు. క్రమశిక్షణ అన్నారు, నిబద్ధత అన్నారు, ఒకరైతే సెల్‌ఫోన్ల మీద నేను చేసిన యుద్ధం గురించి ఐదు నిమిషాలు చెప్పారు. నిజమే, ఈ బళ్లో పిల్లల దగ్గర లాక్కున్న ఫోన్లన్నీ పేరిస్తే ఆఫీసు రూము నుంచి గేటు దాకా వస్తాయి. అయితే పదవీ విరమణ రోజున అబద్ధం మోసుకుని ఇంటికి వెళ్లకూడదు కదండీ. అందుకని చెబుతున్నాను. మూడేళ్లుగా నేను ఫోన్లో ఆట ఆడుతున్నాను. (నవ్వులు) మంజుష గారూ, అలా చూడకండి. బళ్లో ఒక్కసారి కూడా ఆడలేదు. ఆట పేరు మాత్రం చెప్పను. చెబితే రేపటి నుంచి తల్లులందరూ మా ఇంటికొస్తారు.

మోకాలు ఆపరేషనయ్యి రాజమండ్రిలో మా అమ్మాయి ఆశాజ్యోతి ఇంట్లో రెండు నెలలు మంచం మీద ఉన్నాను. రోజంతా టీవీలో వార్తలు చూసి, ఆ వార్తలకి గట్టిగా జవాబులు చెబుతుంటే, భరించలేక ఆ పిల్ల నా ఫోన్లో ఈ ఆట వేసి ఇచ్చింది. ఐదుగురు ఈ పక్క, ఐదుగురు ఆ పక్క. అవతలివాళ్ల కోట మనం పడగొట్టాలి, మన కోట వాళ్లు పడగొట్టకుండా చూసుకోవాలి. గెలిస్తే ఒక నక్షత్రం ఇస్తారు, ఓడితే ఒకటి లాక్కుంటారు. నక్షత్రాలు కూడితే బ్రాంజ్ నుంచి సిల్వర్, సిల్వర్ నుంచి గోల్డ్, ఆ పైన ప్లాటినం, ఇంకా పైన డైమండ్. పిల్లలు నలుగురైదుగురు స్నేహితులు ఒక జట్టుగా కట్టుకుని ఆడతారు. నాకెవరున్నారు? మా ఆవిడని అడిగితే పచ్చడి జాడీలు ఎవరు చూస్తారంది. కాబట్టి ఒంటరిగానే ఎక్కాను. దాన్ని సోలో అంటారు.

సోలో అంటే ఏంటో పెద్దలకి చెప్పాలి. నర్సాపురం రేవులో పంటు ఎక్కినట్టన్న మాట. ఎవరెవరు ఎక్కుతారో మనకి తెలియదు, గోదావరి దాటేదాకా అందరం ఒకే పంటు మీద ఉంటాం, ఒడ్డు తగలగానే ఎవరి దారి వాళ్లది. నాతో ఆడే మిగతా నలుగురినీ ఆ యంత్రమే ఎక్కడెక్కడి నుంచో పట్టుకొస్తుంది. ఒకడు మాట్లాడడు, ఒకడు మాట్లాడడం ఆపడు. ఒకడు సగంలో అన్నానికి వెళ్లిపోతాడు. నేను మన అలవాటు కొద్దీ మైకులో, 'బాబూ, మీ వెనకాల ఎవరో వస్తున్నారండి, కొంచెం చూసుకోండి' అని మర్యాదగా చెప్పేవాణ్ణి. చెప్పడం పూర్తయ్యేసరికి ఆ బాబు పోయేవాడు. (నవ్వులు)

ఆరు నెలల్లో గోల్డ్‌కి వచ్చాను. వచ్చి అక్కడే ఆగిపోయాను. మూడు గెలుస్తాను, మూడు ఓడతాను. పొద్దున్న వచ్చిన నక్షత్రం సాయంత్రానికి పోతుంది. ఏడాది పాటు అదే మెట్టు మీద కూర్చున్నాను. నవ్వకండి, అరవై దాటినవాడికి కూడా పై మెట్టు కనబడుతుంటే నిద్ర పట్టదు.

ఇక్కడ ఈ బోర్డు సంగతి చెప్పాలి. వేదిక మీదకి దీన్ని ఎందుకు తెచ్చారని అందరూ అడుగుతున్నారు. సన్మాన పత్రం రాయడానికేమో అనుకున్నారట ఉదయ్‌కుమార్ గారు. రేపటి నుంచి నా గ్రౌండు చూసుకోబోయేది ఆయనే. ఆయన కొత్త, మీకు తెలుసు. ఇది గ్రౌండు గేటు పక్కన ఉండే బోర్డు. నేను ఈ బడికి వచ్చిన ఏడాదే పెట్టించాను. వాలీబాల్ మ్యాచ్ అవగానే దీని మీద స్కోరు రాసేవాణ్ణి. ఓడితే దాని కింద 'కారణం' అని రాసి, ఎవరి వల్ల ఓడామో ఆ పేరు రాసేవాణ్ణి. తర్వాతి మ్యాచ్ దాకా ఎవరూ తుడవకూడదు. తప్పు కళ్లెదురుగా ఉంటే దిద్దుకుంటారని నా నమ్మకం. మంచికే అనుకుని చేశాను. ఆ మాట నమ్మండి.

అలవాటు ఎక్కడికి పోతుంది? ఫోన్లో ఆటకి కూడా ఒక నోట్‌బుక్ పెట్టాను. ఓడిన ప్రతి ఆటకీ తేదీ, కారణం. కారణం కింద నాతో ఆడినవాళ్ల పేర్లు. వాళ్లు పెట్టుకునే పేర్లు వింటే మీరు నవ్వుతారు, ఒకడు 'తుఫాన్ బాబు', ఇంకొకడు 'నిద్ర లేదు', ఇంకొకరు, అమ్మాయే అనుకుంటాను, 'లడ్డూ'. అలా రెండు వందల పద్నాలుగు ఓటములు రాశాను. ఒకరోజు మా ఆవిడ ఆ పుస్తకం పాలపద్దనుకుని తీసి చూసింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఓపిగ్గా చూసి, అక్కడ పెట్టేసి, ఒకటే మాట అడిగింది.

"ఇన్ని పేర్లున్నాయి, మీ పేరు లేదేంటండీ? ఆ ఆటల్లో మీరు లేరా?"

(నవ్వులు)

మీలాగే నేనూ నవ్వేశాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయాక నవ్వు ఆగిపోయింది. నాలుగు పేర్లూ ప్రతిసారీ మారుతున్నాయి. తుఫాన్ బాబు మళ్లీ రాలేదు, నిద్ర లేనివాడు మళ్లీ కనబడలేదు. రెండు వందల పద్నాలుగు ఆటల్లోనూ మారకుండా ఉన్నది ఒక్కడే. వాడి పేరు ఒక్క చోట కూడా రాయలేదు.

ఆ ఆటలో ఒక సదుపాయం ఉంది. అయిపోయిన ఆటని మళ్లీ మొదటి నుంచి చూడొచ్చు, పైనుంచి, పదిమందినీ ఒకేసారి. అంతవరకు నేను ఎప్పుడూ చూడలేదు. ఎందుకు చూడాలి, నా తప్పు లేదుగా. ఆ రోజు కూర్చుని లడ్డూ మీద రాసిన ఆట తీశాను. లడ్డూ పని మాకు దెబ్బ తగిలితే నయం చేయడం. తను ముందు చచ్చిపోయింది కాబట్టి ఓడాం అని రాసుకున్నాను. తీరా చూస్తే, ముగ్గురు తన మీద పడ్డారు. సాయానికి రమ్మని నొక్కడానికి ఒక బటన్ ఉంటుంది. లడ్డూ అది నొక్కింది. మళ్లీ నొక్కింది. నాలుగుసార్లు నొక్కింది. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. అటు తిరగలేదు. కొన ఊపిరితో పారిపోతున్న ఒకణ్ణి తరుముకుంటూ వెళ్లాను, వాణ్ణి పడగొడితే నా పేరు పక్కన అంకె పెరుగుతుందని. వాడు కూడా దొరకలేదు.

ఆ తర్వాత రోజుకొకటి చొప్పున పాత ఓటములన్నీ చూశాను. అన్నీ నా తప్పులే అని చెప్పను, అది కూడా అబద్ధమే అవుతుంది. కొన్ని ఆటలు ఎవరు ఆడినా ఓడేవే. కొన్ని ఎవరు ఆడినా గెలిచేవి. మధ్యలో ఇంకొన్ని ఉంటాయి, అవి మాత్రం నా చేతిలోవి. ఒంటరిగా ఎక్కేవాడికి ఆ కొన్నే దిక్కు. కొత్త నోట్‌బుక్ తీశాను. కారణం అన్న చోట ఒకటే పేరు రాసుకున్నాను, ఆ రోజు ఆ పేరుగలవాడు ఏం చేశాడో రాసుకున్నాను. తరమడం మానేశాను. ఎవరైనా బటన్ నొక్కితే ముందు అటు చూడడం నేర్చుకున్నాను. వరసగా రెండు ఓడితే ఫోను పక్కన పడేసి మొక్కలకి నీళ్లు పోశాను. ఐదు నెలల్లో ప్లాటినం వచ్చింది. వచ్చిన రోజు హాల్లో ఒక్కణ్ణే ఉన్నాను. నాతో గెలిచిన నలుగురూ క్షణంలో మాయమైపోయారు. ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. సోలోలో ఉన్న కష్టం అదేనండి, ఓడినప్పుడు కాదు, గెలిచినప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు డైమండ్‌కి ఒక్క నక్షత్రం దూరంలో ఉన్నాను. పదిహేను రోజులుగా ఆడలేదు. ఒక పాత మ్యాచ్ అడ్డుగా ఉంది.

లడ్డూకి క్షమాపణ చెప్పుకుందామని వెతికాను. దొరకలేదు. దొరకరు. పంటు దిగిపోయినవాళ్లని ఎక్కడని వెతుకుతాం? కానీ నేను పేరు రాసినవాళ్లలో ఒకరు ఈ ఊళ్లోనే ఉన్నారు. ఇందాక నాకు ఈ శాలువా కప్పారు. ఆవిడ శాలువా కప్పుతుంటే మీరందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆవిడ కుడిచేతి చూపుడు వేలు చూస్తున్నాను. అది ఇప్పటికీ పూర్తిగా వంగదు.

రెండు వేల నాలుగు, కాకినాడ, జోనల్ ఫైనల్. మన బడి ఆడపిల్లలు అంత దూరం వెళ్లడం అదే మొదలు, అదే ఆఖరు. శ్రీదుర్గ టెన్త్ క్లాసు, మన లిఫ్టర్. మిగతావాళ్లు స్మాష్ కొట్టడానికి వీలుగా బంతి పైకి లేపి ఇచ్చేది తనే. చప్పట్లు అందుకున్నవాళ్లకి, ఆ చప్పట్లు రావడానికి బంతి అందించింది తను. మూడో సెట్టులో పదమూడు, పద్నాలుగు. బంతి తన చేతుల్లోంచి జారి మన వైపే పడింది. అయిపోయింది. మర్నాడు ఈ బోర్డు మీద రాశాను. కాకినాడ. జోనల్ ఫైనల్. ఓటమి. కారణం, శ్రీదుర్గ.

ఇంతవరకు ఈ ఊళ్లో చాలామందికి తెలుసు. మిగతాది ఇద్దరికే తెలుసు. రెండో సెట్టులో వల దగ్గర బంతిని ఆపడానికి ఎగిరినప్పుడు తన వేలికి దెబ్బ తగిలింది. సెట్టు అవగానే నా దగ్గరకొచ్చి చెయ్యి చూపించి, "మాస్టారండీ, వేలు వంగట్లేదండి" అంది. బెంచి మీద ఇంకో లిఫ్టర్ కూర్చుని ఉంది. నేను ఆ అమ్మాయి వైపు కూడా చూడలేదు. టేపు చుట్టి, పదిహేను పాయింట్లేగా, ఓర్చుకో అన్నాను. ఫైనల్ గెలిచిన మాస్టారు అనిపించుకోవాలని నా తొందర నాది.

ఆ ఏడాదికి అదే ఆఖరి మ్యాచ్. తర్వాతి మ్యాచ్ దాకా తుడవకూడదని నేను పెట్టిన పద్ధతే. కాబట్టి నాలుగు నెలలు, తను పబ్లిక్ పరీక్షలు రాసి వెళ్లిపోయేదాకా, రోజూ ఆ గేటులోంచి తన పేరు చదువుకుంటూనే లోపలికి వచ్చింది. మన ఆయా పాపాయమ్మ ఒకసారి తడిగుడ్డ పట్టుకొచ్చి, తుడిచేయనా బాబుగారూ అని అడిగింది. వద్దన్నాను. శ్రీదుర్గ మళ్లీ గ్రౌండులో అడుగు పెట్టలేదు. వేలి సంగతి ఎవరికీ చెప్పనూ లేదు. నా పరువు తను కాపాడింది.

ఏడాదిన్నరగా ఈ బోర్డు మీద స్కోరు తప్ప పేరు రాయడం లేదు. ఎందుకు మానేశానో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ జూన్‌లో శ్రీదుర్గ గారి అమ్మాయి గీతిక, తొమ్మిదో తరగతి, టీంలో చేరతానని వచ్చింది. ఇంట్లో సంతకం పెట్టించుకు రమ్మని ఫారం ఇచ్చాను. ఆ ఫారం రాలేదు. అమ్మ వద్దంటోందండి అంది. ఎందుకని అడగలేదు, నాకు తెలుసు కాబట్టి.

శ్రీదుర్గ గారూ, సంతకం కోసం ఇది చెప్పడం లేదు. పెట్టకపోతే పెట్టకండి, మిమ్మల్ని తప్పు పట్టే అర్హత ఈ హాల్లో నాకు అందరికన్నా తక్కువ. అమ్మా దుర్గా, ఆ రోజు నువ్వు వచ్చి చెప్పావు. నేను వినలేదు. ఓడించింది నువ్వు కాదు. ఇరవై ఏళ్లకి పైగా ఈ మాట నా నోట్లోనే ఉండిపోయింది. సిగ్గుపడుతున్నాను.

పాపాయమ్మా, ఆ చాక్‌పీసు ఇలా ఇవ్వు.

(బోర్డు మీద రాశారు)

వెనక వరసల వాళ్లకి కనబడకపోతే చదువుతాను. కాకినాడ. జోనల్ ఫైనల్. ఓటమి. కారణం, భద్రిరాజు. అక్షరాలు వంకరగా వచ్చాయి, ఈ మోకాలి నొప్పి వల్ల... చూశారా, మళ్లీ మోకాలి మీదకి నెట్టేస్తున్నాను. (నవ్వులు)

పాపాయమ్మా, ఆ గుడ్డ తియ్యకు. కూర్చో. మన పద్ధతి నీకు తెలియనిదా? రేపు పొద్దున్న దీన్ని మళ్లీ గేటు పక్కనే పెట్టండి. పిల్లలందరూ చదువుకుంటూ లోపలికి వెళ్లాలి. తర్వాతి మ్యాచ్ దాకా ఎవరూ తుడవకూడదు.

ఇక కృతజ్ఞతలు చెప్పి దిగిపోతాను. ఈ సభ జరిపిన మంజుష గారికి, తోటి ఉపాధ్యాయులకి, ఊరి పెద్దలకి, నా నోట్‌బుక్ తెరిచి చూసిన మా ఆవిడకి...

ఒక్క నిమిషం. శ్రీదుర్గ గారు ఏదో అంటున్నారు. మైకులో చెప్పండమ్మా. చెప్పరట.

(ఆవిడ వైపు వంగి విన్నారు)

నేనే చెబుతాను. తర్వాతి మ్యాచ్ ఎప్పుడు మాస్టారండీ, గీతిక ఎన్నింటికి రావాలి, అని అడిగారు.

శనివారం అమ్మా. పాలకొల్లు వాళ్లతో. ఎనిమిదింటికి వస్తే చాలు. ఉదయ్‌కుమార్ గారూ, కొత్త ఫారం ఒకటి ఈవిడకి ఇవ్వండి. నేను గోడవతల నిలబడి చూస్తాను, అరవను. మీకు చెప్పేది ఒకటే, ఆట మధ్యలో ఏ పిల్లయినా వచ్చి చెయ్యి చూపిస్తే, స్కోరు చూడకండి, ముందు ఆ చెయ్యి చూడండి.

అందరికీ సెలవు.